కన్నును కొలతయును

లేపాక్షి వీరభద్రాలయమునకు పోయినవారికెల్ల గోడమీది రెండెఱ్ఱని మరకలను చూపుదురు. విజయనగరరాజుల కోశాధికారియైన విరూపణ్ణ, రాజాగ్రహమునకు గురియై తన కన్నులు తానే పెఱికి గోడకు విసరెననియు, ఆ గుఱుతులే యవి యనియు స్థలపురాణము. హిందూపురపువారికిది చిన్ననాటినుండి విన్న కథయే. ఆ కాలమున పోయిన చూపు పోయినదే.

1949లో హెరాల్డ్ రిడ్లీ యను వైద్యుడు లండనులో రోగి కంటిలోపల కృత్రిమకటకము నమర్చెను. 1992లో మదురైలో నెలకొన్న అరోల్యాబు అట్టి కటకములను బీదలకందు వెలకు తెచ్చెను. ధర్మవరమున పట్టుపోగు కానరాక గుంటమగ్గము విడిచిన ముదుసలి నేతగాడు నేడు శుక్లము తీయించుకొని మరల మగ్గమున కూర్చుండగలడు. కంటిలో కర్మాగారపు వస్తువున్నంతమాత్రమున నాతని మనుష్యత్వము తఱిగినదా? ఇది ప్రకృతివిరుద్ధమని కేకలు వేయువారు ముక్కుపై కండ్లజోడుంచుకొనియే వేయుచున్నారు. వారితో మాకు పనిలేదు.

మా వాదము రెండవ పక్షమువారితో. మనుష్యుడు తన స్వభావమును దాటిపోవలెనను మతమునకు ట్రాన్స్‌హ్యూమనిజమని పేరు. జూలియన్ హక్స్‌లీ 1957లో ఆ పేరిట వ్యాసము ప్రకటించెను. ఆయనయే 1959 మొదలు 1962 వఱకు, మేలుజాతి మనుష్యులను పెంపొందింపవలెనను బ్రిటను యూజెనిక్సు సంఘమునకధ్యక్షుడు. ఈ రెండును ఒక్కచేతిలోనుండుట యాదృచ్ఛికమని మేమనుకొనము. పుట్టుకనుబట్టి మనుష్యునకు తరగతి కట్టు దురాచారముతో మన పెద్దలు తరతరములుగా పోరాడిరి, ఆ పోరింకను ముగియలేదు. ఇంతలో బీజమునుబట్టి తరగతి కట్టు విద్యను మన యింటికి పిలుచుకొందుమా?

అట్లయిన లోపములు తొలగుట మీకిష్టము లేదాయని యడుగవచ్చును. 2024 జనవరిలో న్యూరాలింకు సంస్థవారు కాలుసేతులాడని యొకని మెదడున యంత్రమమర్చగా, ఆతడు తలపుచేతనే కంప్యూటరును నడపెను. దానికి మేమును సంతసించితిమి. లోపమని చెప్పినవాడు దాని ననుభవించినవాడే గదా! పెనుకొండ చెంత ఎఱ్ఱమంచి కార్ల కర్మాగారమున 2019 నుండి ఇనుపచేతులు పనిచేయుచున్నవి. అవి అలయవు, ఆకలిగొనవు, బిడ్డకు జ్వరమని సెలవడుగవు. వానితో సరిపోల్చి మనుష్యుని అలసటయే లోపమని తీర్పు చెప్పు దినము వచ్చునని మా భయము. అచటివారట్లనిరని మేమనుట లేదు. కాని ఆ తీర్పునకు వలయు తత్త్వమును సిద్ధము చేయుచున్నవారు వీరే.

ధర్మవరపు నేతగాడు కోరినది చూపు. రాత్రింబవళ్లు మూతపడని కన్ను కావలెనని యాతడెన్నడును కోరలేదు. చీరకు కూలి పెంచుడని మాత్రము కోరెను.