పెండింగ్ అంటే ఎక్కడ?

కర్ణాటకలో చింతామణి పక్కన మా ఊళ్లో ఎవరికి ఆఫీసు పని పడినా నాకు ఫోన్ వస్తుంది. నేను బెంగళూరులో సర్వర్ల మీద నడిచే ప్రోగ్రాములు రాస్తాను. ఊరివాళ్ల లెక్కలో కంప్యూటర్ తెలిసినవాడికి తాలూకాఫీసూ తెలిసుండాల. అడిగేది దాదాపు ఒకటే: "ఏమప్పా, ఖాతా మార్పుకు అర్జీ పెట్టి శానా దినాలాయె. నెట్‌లో చూస్తే పెండింగ్ అంటాది. అంటే యాడుండాది?"

ఆ 'యాడుండాది'కి బదులు చెప్పలేని తెర సగం పనే చేసినట్టు.

ఒక ప్రోగ్రాము ఇంకో ప్రోగ్రాముకు పని చెప్పినప్పుడు మేం పాటించే మర్యాద ఒకటుంది. క్షణంలో తేలేదైతే జవాబు అప్పుడే ఇస్తాం. గంటలో రోజులో పట్టేదైతే అడిగినవాణ్ని లైన్లో నిలబెట్టం. వెబ్‌లో దీనికి 202 అనే సంకేతముంది: అర్జీ ముట్టింది, పని ఇంకా కాలేదు. దానితోపాటు పని ఏ దశలో ఉందో చూసుకునే చిరునామా ఇస్తాం, మళ్లీ ఎంతసేపటికి అడగాలో చెబుతాం. ఆ రెండోది చెప్పకపోతే అడిగే ప్రోగ్రాము ప్రతి సెకనూ వచ్చి తలుపు తడుతుంది; సర్వర్‌కు పని చెయ్యడం కంటే జవాబు చెప్పడమే ఎక్కువవుతుంది. చివరికి ఆ పని అయిందనో, ఫలానా కారణంతో కాలేదనో, రద్దయిందనో తేలాలి. 'నడుస్తోంది' అన్న మాట మీద ఏ పనినీ ఏళ్ల తరబడి వదలకూడదు.

కర్ణాటకకు ఈ మర్యాద కొత్తదేమీ కాదు. 2000 ప్రాంతంలో వచ్చిన 'భూమి' పథకం దాదాపు 67 లక్షల మంది రైతుల 2 కోట్ల భూమి రికార్డులను కంప్యూటర్లో పెట్టింది. ముందు వచ్చిన అర్జీని ముందు చూడాలన్న నియమాన్ని సాఫ్ట్‌వేర్‌లోనే బిగించింది. 2011లో 'సకాల' చట్టం వచ్చి, 2012 ఏప్రిల్ నుంచి రాష్ట్రమంతా అమలైంది. అర్జీకి 15 అంకెల నంబరు, పనికి గడువు, గడువు దాటితే రోజుకు 20 రూపాయల పరిహారం. పేరున్న కంపెనీలే ఇంత మాట ఇవ్వవు. అయితే పరిహారం 500 దాటదన్నారు. అంటే 25 రోజులు ఆలస్యమయ్యాక ఎన్నాళ్లు నానబెట్టినా ఖర్చు లేదు. 2019 సెప్టెంబర్‌లో రిజర్వ్ బ్యాంక్ ఇలా పట్టు వదల్లేదు. యూపీఐలో పంపిన డబ్బు అవతల జమకాక, మరుసటి రోజుకూ వెనక్కి రాకపోతే రోజుకు 100 రూపాయలు, అదీ ఖాతాదారు ఫిర్యాదు కోసం చూడకుండా, ఇవ్వాలంది.

నా అసలు పేచీ నంబర్లతో. సర్వే నంబరులో కొంత భాగం అమ్మాలంటే ముందు ఆ భాగాన్ని కొలిచి గీసే 11ఈ స్కెచ్‌కు అర్జీ, అది సర్వేవాళ్లది. తర్వాత సబ్ రిజిస్ట్రార్ దగ్గర రిజిస్ట్రేషన్, అది 'కావేరి' అనే రిజిస్ట్రేషన్ సాఫ్ట్‌వేర్‌లో. ఆ తర్వాత మ్యుటేషన్, అంటే ఖాతా మార్పు, అది 'భూమి'లో. అదయ్యాకే పహణీలో, అంటే భూమి హక్కుల రికార్డులో, పేరు మారేది. రైతుకు ఇదంతా ఒకే పని. కాగితాల్లో మాత్రం ఒక్కోచోట ఒక్కో నంబరు. ఒక అభ్యర్థన పది సర్వర్లు తిరిగినా వెంట ఒకే గుర్తింపు నంబరు నడిపించడం మా వృత్తిలో కొత్తగా చేరిన కుర్రాడికీ తెలుసు. మొదటి అర్జీకిచ్చిన నంబరును పహణీ దాకా నడిపించడానికి కొత్త చట్టమేం అక్కర్లేదు.

ఇంకోటి. మా చిన్నాయన కోసం అర్జీలు పెట్టే ఒక కేంద్రంలో ఫీజు కడుతుంటే తెర బిగుసుకుపోయింది, అక్కడి అబ్బాయి మళ్లీ నొక్కాడు. ఒకే పనికి రెండు అర్జీలు పడ్డాయి. ఒకదాన్ని వాపసు తీసుకోవడానికి చిన్నాయన మళ్లీ తిరగాల్సి వచ్చింది. ఇందులో ఆ అబ్బాయి తప్పు లేదు. తెర పలకకపోతే ఎవరైనా నొక్కుతారు. రెండు నొక్కుళ్లకూ ఒకే గుర్తు పంపించి, రెండోది వస్తే 'ఇది నా దగ్గరుంది' అని సర్వర్ చెప్పేట్టు రాయడం మాకు రోజువారీ పని.

తొందరపెట్టమని మాత్రం నేననను. 1964 నాటి కర్ణాటక భూ రెవెన్యూ చట్టం మ్యుటేషన్‌కు ముందు నోటీసిచ్చి, అభ్యంతరాలకు గడువు పెట్టమంటుంది. అన్న గుట్టుగా అమ్మేస్తే చెల్లెలు నోరు విప్పడానికి ఉన్న వ్యవధి అది. ఎంత పెద్ద కంప్యూటర్ తెచ్చినా దాన్ని కుదించకూడదు. నోటీసు గడువు నడుస్తుంటే ఫలానా తేదీ దాకా ఎవరూ రానక్కర్లేదు. ఎవరో అభ్యంతరం చెప్పి అది తకరారులో పడితే కాగితాలు పట్టుకుని వెంటనే రావాలి. ఈ రెండింటికీ పెండింగ్ అన్న ఒకే మాట వాడితే, రానక్కర్లేనివాడు వారంవారం వస్తాడు, రావాల్సినవాడు ఇంట్లో కూర్చుంటాడు.

గూళూరు వైపు పల్లె నుంచి బాగేపల్లి తాలూకాఫీసుకు వచ్చిపోతే ఒక రోజు కూలి పోతుంది. దశ మారిన రోజే ఫోన్‌కు ఒక మెసేజ్ పంపితే ఆ కూలి మిగులుతుంది: కాగితం ఎవరి బల్ల మీదుంది, ఎందుకు ఆగింది, మళ్లీ ఏ తేదీ తర్వాత అడగాలి. ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడం మావాళ్లది. కన్నడంలో పంపినా చదువుకుంటారు.