మాటు వేసిన జీపు

బారిడీహ్‌లోని మా ఇంటి వెనుక రేకుల పాకలో పదకొండేళ్ళుగా ఒక జీపు కదలక మెదలక నిలిచి ఉండినది. 1968 నాటి మహీంద్రా సి.జె. 3బి. మా నాన్నగారు ముచ్చటపడి కొన్నది. ఆయన పోయిన తరువాత దానిని నడపడానికి గాని, అమ్మడానికి గాని ఇంట్లో ఎవరికీ మనసు రాలేదు. నిరుడు వానలు వెలిసిన పిమ్మట ఒకనాడు దానిలోకి ఎక్కబోయి కాలు మోపితిని గదా, నేలరేకు చిల్లుపడి చీలమండ దాకా కాలు కిందికి దిగిపోయింది.

1912లో తొలి ఉక్కు దిమ్మె పోతపోసిన ఊరు మాది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఇక్కడి ఉక్కు పలకలతో తయారైన కవచ వాహనాలను సైనికులు ‘టాటానగర్లు’ అని పిలిచేవారట. అటువంటి ఊళ్ళో ఒక బండి తుప్పు పట్టి కూలిపోతూ ఉంటే చూడడానికి కొంత సిగ్గుగానే ఉంటుంది.

పాత ఇనుము కొనే వ్యాపారి వచ్చి, బండిని చుట్టి చూచి, తూకం లెక్కన ధర చెప్పాడు. మా అమ్మగారు ఏమీ అనకుండా లోపలికి వెళ్ళి తలుపు వేసుకొన్నారు. బేరం అంతటితో ముగిసింది. అయితే అనువాదాలు చేసి బ్రతికేవాడు ఈ పనికి ఎంత ఖర్చు పెట్టగలడు? 40,000 రూపాయలు దాటరాదని గీత గీసుకొన్నాను.

ఈ బండి పాఠకులలో చాలామందికి పరిచితమే. యుద్ధంలో పుట్టిన విల్లీస్ జీపుకు ఇది తమ్ముడు. 1945లో ప్రారంభమైన మహీంద్రా సంస్థ 1940ల చివరినుండి విల్లీస్ బండ్లను మన దేశంలో కూర్చడం మొదలుపెట్టింది. మన్యపు దారులలో అధికారులను మోసినదీ, ఎన్నికలలో మైకు కట్టుకొని ఊరూరా తిరిగినదీ ఈ జాతి బండే. దాని పైభాగానికి ఇంగ్లీషులో ‘తొట్టి’ అనే అర్థం గల మాట వాడుతారు. అనువాదకుడనైన నాకు ఆ మాట మొదట మోటుగా తోచింది. తరువాత తెలిసింది, అంతకన్న సరైన మాట లేదని. తొట్టి అన్న తరువాత నీరు నిలవకుండా ఉంటుందా? యుద్ధకాలపు జీపులలోనైతే నేల కింది దన్నుపట్టీలలో చెక్కముక్కలు కూడా బిగించేవారు. ఆ చెక్క తడిని పట్టి ఉంచేది, ఇనుము లోలోపలే నానేది.

కొత్త తొట్టి కొని పెట్టుకొమ్మని కొందరు మిత్రులు సలహా చెప్పారు. హర్యానాలోని మండీ డబ్‌వాలీ ఇటువంటి పనులకు పేరుమోసినది. కాని 2021 జూలైలో కేంద్రప్రభుత్వం ప్రకటించిన నిబంధనలు చదివి ఆగాను. 50 ఏళ్ళు దాటి, ఛాసిస్సులో గాని, బాడీలో గాని, ఇంజనులో గాని పెద్ద మార్పులు జరగని బండినే ‘వింటేజి’ వాహనంగా నమోదు చేస్తారు. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు. ఆపైన అటువంటి బండిని నిత్యం తిప్పుకోవడానికి వీలులేదు. ఆ పత్రం తీసుకొంటానో లేదో ఇంకా తేల్చుకోలేదు గాని, తీసుకొనే దారిని మాత్రం నా చేతులతో మూసివేయదలచుకోలేదు. కనుక ఉన్న తొట్టినే బాగుచేయాలి.

శ్రీకాకుళం వైపునుండి ఏనాడో వచ్చి ఇక్కడి కర్మాగారంలో పనిచేసి విరమించిన రేకుపని మేస్త్రీ ఒకరు మా వీధి చివర ఉంటారు. ఆయన ఒక చిన్న సుత్తీ, గుడ్డలో చుట్టిన అయస్కాంతమూ పట్టుకొని వచ్చారు. సుత్తితో అంగుళం అంగుళం తట్టుకొంటూ పోయారు. గట్టి రేకు ఖంగుమంటుంది. చచ్చిన రేకు పగిలిన కుండవలె బొదబొదమంటుంది. వెనుక చక్రం పైభాగాన అయస్కాంతం అసలే అంటుకోలేదు. గీకి చూస్తే అర అంగుళం మందాన పుట్టీ! దాని వెనుక ఉండచుట్టిన వార్తాపత్రిక! ఎప్పుడో ఒక వర్క్‌షాపులో మా నాన్నగారు డబ్బు పోసి చేయించిన మరమ్మతు అది.

“ఇది మాటు కాదు బాబూ, ముసుగు” అన్నారు మేస్త్రీగారు.

తుప్పు తాను తిన్న ఇనుముకన్న ఎన్నో రెట్లు చోటు ఆక్రమిస్తుంది. అందుచేతనే రంగు పొక్కులెత్తుతుంది, అతుకులు విచ్చుకొంటాయి. పైన పూత పూసినంత మాత్రాన లోపలి తేమ ఊరుకోదు. మెరిసే లోహం కనిపించేదాకా కోయవలసిందే. కోసిన కొద్దీ చిల్లు పెరుగుతూ ఉంటే గుండె చిక్కబట్టుకొని నిలబడ్డాను.

కోతకూ అతుకుకూ ముందు బ్యాటరీ తీగలు విప్పాము. ఈ జీపులో పెట్రోలు ట్యాంకు డ్రైవరు సీటు కిందనే ఉంటుంది. దానిని ఊడదీసి దూరంగా పెట్టించారు. ఖాళీదే గదా అన్నాను. నిండు ట్యాంకుకన్న ఆవిరి నిండిన ఖాళీ ట్యాంకే ప్రమాదమని ఆయన మందలించారు. డబ్బు కలిసి వస్తుందని పాక కప్పుకు మిగిలిన రేకు ముక్కలు చూపించాను. దానికీ తల అడ్డంగా ఊపారు. వాటి మీద జింకు పూత ఉంటుంది. వెల్డింగు మంటకు ఆ జింకు పొగై, పీల్చినవారికి చలిజ్వరం తెస్తుంది. చివరకు 18 గేజి సాదా రేకు కొన్నాము. సుమారు 1.2 మిల్లీమీటర్ల మందం. పాత రాతప్రతుల అట్టలను చిల్లుల ఆకారానికి కత్తిరించి, వాటిని నమూనాగా పెట్టుకొని రేకు కోశాము. నా అనువాదాలలో ఒకదాని అట్ట ఈ విధంగానైనా పనికి వచ్చింది.

పలుచని రేకును ఒకే వరుసన అతుకుతూ పోతే వేడికి వంకరలు పోతుంది. కనుక ఇక్కడొక చుక్క, ఎదుటి అంచున మరొక చుక్క, నడుమ చల్లారడానికి విరామం. ఆ విరామాలలో టీ ఖర్చే చాలా అయింది. తొట్టిని ఛాసిస్సుకు బిగించే చోట్ల మాత్రం మేస్త్రీగారు మాటు వేయడానికి ససేమిరా ఒప్పుకోలేదు. బరువంతా అక్కడే మోస్తుంది; మనుషులు కూర్చొనే బండి. ఆ బిగింపులను మందపాటి రేకుతో పూర్తిగా కొత్తగా చేయించారు. నేను గీసుకొన్న గీతలో సగం సొమ్ము అక్కడే ఖర్చయింది. పక్క తలుపుల రంగు వచ్చే ఏటికి వాయిదా పడింది.

గరుకు కాగితం అందని మూలలలో ఫాస్ఫారిక్ ఆమ్లం కలిసిన ద్రవం పూశాము. అది మిగిలిన తుప్పును నల్లని ఫాస్ఫేటు పొరగా మారుస్తుంది. సుమారు పదహారు వందల ఏళ్ళుగా ఢిల్లీ ఇనుపస్తంభం చెక్కు చెదరకుండా ఉండడానికి దాని ఇనుములోని ఫాస్ఫరసే ముఖ్యకారణమని శాస్త్రజ్ఞులు చెబుతారు. ఆ సంగతి ఉత్సాహంగా చెప్పబోతే, “ముందు తుడవండి, తడి ఆరాలి” అన్నారు మేస్త్రీగారు. ఆరిన తరువాత రెడాక్సైడు, ఆపైన రంగు. దన్నుపట్టీల లోపలికి పలుచని నూనె పిచికారీ చేశాము.

నేలలో నీరు పోవడానికి నాలుగు రంధ్రాలు వదిలించారు. జూన్‌లో మొదటి వాన పడిన రాత్రి బండిని కావాలనే బయట నిలిపి, టార్చి పట్టుకొని దాని కిందికి దూరాను. మా అమ్మగారు వసారాలో గొడుగుతో నిలబడి, “కారుతున్నదా?” అని అడిగారు. మూడింటినుండి నీరు ధారగా కారుతున్నది. నాలుగవదాని నోట వేపాకు అడ్డుపడినట్లున్నది. చీపురుపుల్ల తెచ్చి ఇమ్మన్నాను.