వేణ్ణీళ్లకు చన్నీళ్లు తోడు కావాలి

వేణ్ణీళ్లకు చన్నీళ్లు తోడంటారు పెద్దలు. చాలీచాలని సంసారానికి చిన్న రాబడి కూడా ఆసరా అవుతుందని చెప్పే సామెత ఇది. డాబాల మీద సోలార్ హీటర్లు, స్నానాల గదుల్లో గీజర్లు వెలసిన ఈ రోజుల్లో ఆ మాటను ఉన్నదున్నట్టుగానే పాటించాల్సిన అవసరం వచ్చింది.

వెనుకటి రోజుల్లో పెరట్లో పొయ్యి మీద కాగు ఉండేది. పిడకలో, కంపో వేసి నీళ్లు కాచేవారు. తల్లి ఆ నీళ్లు ముంచి, చన్నీళ్లు కలిపి, చెయ్యి పెట్టి చూసి గాని బిడ్డకు పోసేది కాదు. కాగుకూ బిడ్డకూ మధ్య తల్లి చెయ్యి ఉండేది. ఇప్పుడు కుళాయి తిప్పితే చాలు. ఐదేళ్ల పిల్లవాడూ తిప్పగలడు, చూపు ఆనని ముసలమ్మా తిప్పగలదు. వచ్చే నీళ్లు ఎంత వేడో ముందుగా చూసేవారెవరు?

60 డిగ్రీల నీరు పడితే పెద్దవారి ఒళ్లయినా సుమారు 5 సెకన్లలో లోతుగా కాలిపోతుంది. పసిపిల్లల చర్మం పలుచన. వారికి అంత సేపు కూడా అక్కర్లేదు. అదే 50 డిగ్రీల దగ్గరైతే పెద్దవారికి సుమారు 5 నిమిషాలు పడుతుంది. తప్పుకోవడానికి వ్యవధి దొరుకుతుంది.

గీజరుకు వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ ఉంటుంది. మామూలు సోలార్ హీటరుకు అదీ లేదు. ఎండ కాసినంత సేపూ నీళ్లు కాగుతూనే ఉంటాయి. ఇంటిల్లిపాదీ రెండు రోజులు పెళ్లికి వెళ్లొస్తే డ్రమ్ములో నీళ్లు 70 డిగ్రీలు దాటి ఉండవచ్చు. తిరిగొచ్చి కాళ్లు కడుక్కోబోయిన పిల్లవాడి గతి ఏమిటి?

అలాగని గీజరులో నీళ్లను ఎప్పుడూ గోరువెచ్చగానే నిల్వ ఉంచడమూ మంచిది కాదు. 20 నుంచి 45 డిగ్రీల మధ్య నిలిచిన నీటిలో లెజియోనెల్లా అనే క్రిమి పెరుగుతుంది. ఆ నీటి తుంపరలు ఊపిరితో లోపలికి పోతే నిమోనియా తెచ్చిపెడుతుంది. అందుకే నిల్వ నీరు 60 డిగ్రీల దగ్గర ఉండాలి, ఒంటి మీద పడే నీరు 40 డిగ్రీల దగ్గర ఉండాలి. ఈ రెండింటికీ పొత్తు కుదిర్చేదే థర్మోస్టాటిక్ మిక్సింగ్ వాల్వు.

దీని పని సులువు. వేడి గొట్టం, చన్నీళ్ల గొట్టం రెండూ ఇందులో కలుస్తాయి. లోపల మైనం నింపిన చిన్న గుళిక ఉంటుంది. వేడి ఎక్కువైతే మైనం ఉబ్బి వేణ్ణీళ్ల దారిని ఇరుకు చేస్తుంది. తగ్గితే ముడుచుకుని దారి ఇస్తుంది. కరెంటుతో పని లేదు. మంచి రకమైతే చన్నీళ్లు ఆగిపోయినప్పుడు వేణ్ణీళ్లనూ ఆపేస్తుంది. రెండు పిడులుండే మామూలు మిక్సర్ కుళాయి ఇది కాదు. కొనేవారు పేరు చెప్పి మరీ అడగాలి.

అమర్చడంలోనూ జాగ్రత్త కావాలి. వేడికీ చల్లకూ ఒకే ట్యాంకు నుంచి నీరు రావాలి. ఒకటి మోటారు నుంచి, ఒకటి ట్యాంకు నుంచి వస్తే ఒత్తిడి సమంగా ఉండక వాల్వు సరిగా పనిచేయదు. ఒకదాని నీరు మరొక గొట్టంలోకి ఎదురెక్కకుండా అడ్డు వాల్వులు వేయించాలి. మన బోరు నీళ్లకు సున్నపు పొక్కు కడుతుంది. ఏడాదికొకసారైనా జల్లెడ విప్పి కడిగించి, వేడిని థర్మామీటరుతో చూసుకోవాలి.

ఇదంతా అదనపు ఖర్చేనన్న మాట వాస్తవమే. హీటరుకు వేలకు వేలు పోసినవారు బిడ్డ ఒంటిని కాపాడే వాల్వు దగ్గర లెక్క చూసుకోవడం మాత్రం సమంజసం కాదు. వాల్వు సంగతి చెప్పకుండా హీటరు అంటగట్టే వ్యాపారులకు, బిగించి వెళ్లే మేస్త్రీలకు బాధ్యత లేదా? పదులకొద్దీ పిల్లలు స్నానాలు చేసే హాస్టళ్లలో సోలార్ హీటర్లు పెట్టేటప్పుడైనా అధికారులు మిక్సింగ్ వాల్వును తప్పనిసరి చేయాలి.

కొనే స్తోమత లేనివారికీ ఒక దారి ఉంది. బకెట్లో ముందు చన్నీళ్లు పట్టాలి, ఆ తర్వాతే వేణ్ణీళ్లు కలపాలి. మోచేతితో చూశాకే పిల్లలకు పోయాలి. పొరపాటున కాలితే 20 నిమిషాలు కుళాయి నీటి ధార కింద ఉంచాలి. సిరా, పేస్టు పూయకూడదు, ఐసు పెట్టకూడదు. శుభ్రమైన గుడ్డ కప్పి ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

కాగు పోయింది, కుళాయి వచ్చింది. మధ్యలో ఉన్న తల్లి చెయ్యి మాత్రం పోకూడదు. వాల్వు రూపంలోనైనా అది ఉండాలి.