పదకొండో అంతస్తులోని ఇల్లు

పోయిన వేసవిలో ముంబయి నుండి మా పెద్దక్క ఫోను చేసి, "నాయనా, ఇల్లు అమ్మేస్తాను, నువ్వొకసారి వచ్చి కాగితాలు చూడు" అన్నది. బట్లహళ్ళిలో కాగితాలు చూసేవారంటే మేమేనని బంధువులలో వాడుక. గుమాస్తా పని చేసినంత మాత్రాన అన్ని దస్తావేజులూ అర్థమవుతాయని వారి నమ్మకం. దానిని చెడగొట్టడమెందుకని బయలుదేరినాము.

పదకొండో అంతస్తు. హాలు, ఒక పడకగది, వంటిల్లు. కిటికీలో ఒక తులసి కుండ. లిఫ్టు ఆ వారంలో రెండుసార్లు నిలిచింది. అక్కకు మోకాళ్ళ నొప్పులు. లిఫ్టు నిలిచిన రోజున ఆమెకు కూరగాయలు లేవు, గుడి లేదు. బావగారు పోయి రెండేళ్ళు. అమ్మి మన ఊరు చేరవలెనని ఆమె కోరిక.

"పత్రాలేవి అక్కా?" అంటే, బావగారు బిల్డరుతో చేసుకొన్న ఒప్పందమూ, ఒక షేరు సర్టిఫికెట్టూ తెచ్చి పెట్టింది. ఒక్కొక్కటి 50 రూపాయల చొప్పున అయిదు షేర్లు. వెరసి 250. మన ప్రక్క ఇల్లంటే క్రింద నేల ఉండాలి, వాకిట వేపచెట్టు ఉండాలి. ఇక్కడ నేలా, గోడలూ, మెట్లూ అన్నీ సహకార సంఘానివి. సభ్యుడైనందుకు మనకు ఆ గదులలో ఉండే హక్కు. ఆ హక్కే అమ్ముకొనేది. ఈ పద్ధతి క్రొత్తదేమీ కాదు. మన బెంగుళూరులో 1909లోనే గృహనిర్మాణ సహకార సంఘం వెలసింది. బొంబాయి గాందేవిలో సారస్వతులు 1915లో స్థాపించుకొన్నారు. ఇప్పుడక్కడ నడిచేది 1960 నాటి మహారాష్ట్ర సహకార సంఘాల చట్టం.

కొనేవాడు దొరికినాడు. ధరా కుదిరింది. బదిలీకి సంఘం పుచ్చుకొనే ప్రీమియం 25,000 రూపాయలకు మించరాదని నిబంధన. అంతకు మించి "విరాళం" అడిగే కమిటీలు ఉన్నవని విన్నాము గాని, ఇక్కడ ఆ బాధ రాలేదు. వచ్చిన చిక్కు వేరు.

షేరు బావగారి పేర ఉన్నది. నామినేషను కాగితంలో ఆయన వ్రాసినది పెద్దకొడుకు పేరొక్కటే. ఆ రోజులలో ఇంట చదువుకొన్నవాడు వాడే కనుక వ్రాసి ఉంటారు. వాడేమో, "మామా, నాన్న నా పేరే పెట్టినాడు, ఇంక మాటెందుకు?" అన్నాడు. నామినీ అంటే యజమాని కాడు. సంఘానికి ఎదుట నిలబడేందుకు ఒక మనిషి, అంతే. వీలునామా లేదు, బావగారి తల్లి ముందే పోయినది. కనుక 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం అక్కకూ, ఇద్దరు కొడుకులకూ, చింతామణిలో ఉన్న కూతురికీ సమాన భాగాలు. నాలుగు సంతకాలు లేనిదే కొనేవాడు డబ్బు ఇవ్వడు. అతనిది తప్పు కాదు.

కూతురిని ఎవరూ అడగనే లేదు! మేము ఫోను చేస్తే కొంతసేపు పలకలేదు. తరువాత, "మామా, అమ్మ పేరుకైతే రేపే వచ్చి నా భాగం విడిచి వ్రాసి ఇస్తాను. అన్న పేరుకు మాత్రం ఇవ్వను" అన్నది. చిన్నవాడూ అదే మాట. పెద్దవాడు ఆ రాత్రి అన్నం తినకుండా లేచిపోయినాడు. వాడిని దుర్మార్గుడనలేము, తండ్రి జబ్బుకు ఆస్పత్రి ఖర్చు పెట్టినది వాడే. ఆ లెక్క ఎవరూ ఎత్తలేదు. మేమే కాగితం తీసుకొని వాడి చేత ఆ ఖర్చు పద్దు వ్రాయించి, అమ్మకం సొమ్ములో ముందు అది తీర్చి, మిగిలినది అక్క పేర బ్యాంకులో వేయవలెనని ముగ్గురికీ చెప్పినాము. చిన్నవాడు వెంటనే సరేనన్నాడు. కూతురు పద్దు చూసి రెండు చోట్ల ప్రశ్నలు వేసి ఒప్పుకొన్నది. పెద్దవాడు ఇంకా సంతకం చేయలేదు గాని, పద్దు మాత్రం జేబులో పెట్టుకొని పోయినాడు.

మేము తిరిగి వచ్చేటప్పుడు అక్క లిఫ్టు దాకా వచ్చింది.

"మన ఊళ్ళో బోరు నీళ్ళు ఎన్ని అడుగుల్లో ఉన్నాయిరా?" అని అడిగింది.

"వెయ్యి దాటిందక్కా."

"ఇక్కడ కొళాయి తిప్పితే వస్తాయి" అని, కాసేపు ఊరుకొని, "అయినా ఆ తులసి కుండ నీతో తీసుకుపో" అన్నది. రైలులో దానిని ఒడిలో పెట్టుకొనే వచ్చినాము.