శబ్దంతో తెరుచుకునే తలుపు

ప్రొద్దుటూరులో ఏ స్కానింగ్ సెంటరుకెళ్లినా ఒకటే దృశ్యం. బయట బెంచీ మీద అమ్మో, అత్తో. లోపల కడుపు మీద చల్లటి జెల్లీ రాయించుకుని, తెర మీద కదిలే నీడకేసి కళ్లప్పగించి చూస్తున్న కాబోయే తల్లి. మన చెవికి వినపడని శబ్దం లోపలికెళ్లి, బిడ్డకు తగిలి, తిరిగొచ్చి గీసిన బొమ్మ అది. పేరు అల్ట్రాసౌండ్.

మరి అదే శబ్దంతో మెదడులో మనకు కావలసిన నాడీకణాన్ని మాత్రమే తట్టి లేపగలిగితే? అమెరికాలోని శాన్ డియాగోలో, సాల్క్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆ పని చేసి చూపించింది శ్రీకాంత్ చలసాని బృందం. చలసాని అన్న ఇంటిపేరు మన తెలుగువాళ్లకు కొత్తేం కాదు. వాళ్లు ఎంచుకున్న విద్య పేరు సోనోజెనెటిక్స్.

ముందు వెలుగు... తర్వాత శబ్దం

మెదడులో కోట్లాది కణాలు. మందు మింగితే అన్నింటి మీదా పనిచేస్తుంది. కరెంటు పెడితే పక్కవాటికీ తగులుతుంది. ఒక్క రకం కణాలనే కదిపి, మిగతావాటిని ముట్టుకోకుండా ఉండే ఉపాయం కావాలని 1979లోనే అన్నారు ఫ్రాన్సిస్ క్రిక్. డీఎన్ఏ నిర్మాణాన్ని కనిపెట్టిన జంటలో ఒకరైన ఆయన అప్పుడు పనిచేస్తున్నదీ సాల్క్‌లోనే!

ఆ ఉపాయం 2005లో దొరికింది. పచ్చనాచులో వెలుతురు పడితే తెరుచుకునే ప్రొటీన్ ఒకటుంది. దాని జన్యువును నాడీకణంలో చేర్చి నీలికాంతి వేస్తే కణం పలికింది. స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు చేసిన ఈ ప్రయోగంతో ఆప్టోజెనెటిక్స్‌కు ఊపొచ్చింది. ఈ పద్ధతితోనే చూపు పోయిన ఒక వ్యక్తికి కొంత చూపు వచ్చిందని 2021లో ప్రకటించారు. కంటికైతే సరే. మరి మెదడు లోతుల్లోకి వెలుతురు వెళ్లేదెలా? సన్నటి తీగ దించాల్సిందే. శబ్దానికి ఆ ఇబ్బంది లేదు.

నులిపురుగు నేర్పిన పాఠం

పులివెందుల చీనీతోటల రైతులకు నులిపురుగంటే వేళ్లను పాడుచేసే శత్రువు. దాని దాయాదే సి.ఎలిగాన్స్. కుళ్లిన పండ్లలో బాక్టీరియా తిని బతికేస్తుంది. పొడవు ఒక్క మిల్లీమీటరు, నాడీకణాలు 302. 2015లో చలసాని బృందం శబ్దానికి స్పందించే ప్రొటీన్‌ను దీని ఎంపిక చేసిన నాడీకణాల్లో ఉంచింది. అల్ట్రాసౌండ్ తగలగానే పురుగు దారి మార్చుకుంది!

తర్వాతి మెట్టు క్షీరదాలు. ఏడాదికి పైగా వందల ప్రొటీన్లను పరీక్షిస్తే టీఆర్‌పీఏ1 అనేది నిలిచింది. ఆవకాయకు ఆవపిండి కలుపుతుంటే ముక్కు చుర్రుమంటుందే, ఆ ఘాటును పసిగట్టేది మన ఒంట్లోని ఈ ప్రొటీనే. దాని జన్యువును ఎలుక మెదడులో కదలికలను నడిపే కణాల్లో చేర్చి అల్ట్రాసౌండ్ పంపితే కాళ్లు కదిలాయి. ఈ ఫలితాలు 2022లో వెలువడ్డాయి. స్కానింగ్ తీయించుకునేవారు కంగారుపడక్కర్లేదు. అక్కడ ఎవరూ జన్యువులు చేర్చరు.

పురుగుకూ భయమే

ఇదే బృందం 2018లో ఇంకో సంగతి చెప్పింది. సి.ఎలిగాన్స్‌ను కొరికి తినే పురుగు ఇంకొకటుంది. దాని ఒంటి నుంచి వచ్చే రసాయనం తగిలితే చాలు, సి.ఎలిగాన్స్ గిరుక్కున వెనక్కి తిరుగుతుంది. తర్వాత కాసేపు గుడ్లు పెట్టడమూ తగ్గిస్తుంది. మనుషుల్లో ఆందోళనకు డాక్టర్లు రాసే సెర్ట్రలిన్ ముందుగా ఇస్తే ఆ బెదురు తగ్గింది! పురుగు మనలాగే భయపడుతుందని కాదు. కానీ ఆ బెదురు వెనక ఉన్న కణాలనూ రసాయనాలనూ వేలుపెట్టి చూపించవచ్చని తేలింది.

ఈ మాట మన ఇళ్లకు అవసరం. జమ్మలమడుగైనా, మరో ఊరైనా... ఊరికే గుండె దడదడలాడుతోందంటే 'ధైర్యం లేదు' అంటాం. పిల్లాడికి మూర్ఛ వస్తే 'గాలి సోకింది' అంటాం. జ్వరానికి సిగ్గుపడని మనం వీటిని దాచిపెడతాం. తప్పు మనిషిది కాదు, దారి తప్పిన కణాలకు వైద్యం కావాలి అంతే.

ఇప్పుడు పార్కిన్సన్స్ రోగులకు పుర్రెకు రంధ్రం చేసి తీగలు అమర్చే చికిత్స ఉంది. శబ్దం ఆ కోతను తప్పిస్తుందా అన్నదే ఆశ. అయితే ఎలుక నుంచి మనిషి దాకా దారి చాలా పొడవు. జన్యువును భద్రంగా చేర్చాలి. చేర్చాక ఏళ్ల తరబడి హాని లేదని తేలాలి. భయాన్ని మీటగల స్విచ్చు ఎవరి చేతిలో ఉండాలన్న ప్రశ్నకూ జవాబు కావాలి.

అందాకా మూర్ఛకు, ఆందోళనకు మందులూ ఉన్నాయి, డాక్టర్లూ ఉన్నారు. స్కానింగ్ గది బయట బెంచీ మీద కూర్చోవడానికి ఎవరూ సిగ్గుపడరు. మానసిక వైద్యుడి గది బయటా అలాగే కూర్చోగలిగితే, ఆ పురుగు నేర్పిన పాఠం మనకు వంటబట్టినట్టే!