పొట్లం దొరికింది సరే, కుర్రాడి సంగతి?

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు జాతీయ రహదారి మీద సుమారు 40 కిలోమీటర్లు. ఈ దారిలో ఇద్దరు పోలీసులకు చిక్కారనుకుందాం. ఒకడి కారు డిక్కీలో 22 కిలోల గంజాయి, ఇంకొకడి ప్యాంటు జేబులో 40 గ్రాముల పొట్లం. చట్టం ఈ ఇద్దరినీ ఒక గాటన కట్టదు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద గంజాయి కిలో లోపైతే చిన్న పరిమాణం, 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. మొదటివాడికి పదేళ్లకు తగ్గని జైలు, 37వ సెక్షన్ పుణ్యాన బెయిలు గగనకుసుమం. రెండోవాడికి మహా అయితే ఏడాది. కానీ మర్నాడు జిల్లా పేజీలో ఇద్దరికీ ఒకేలాంటి ముసుగు, వెనక ఒకేలా వరసకట్టిన సిబ్బంది. ఊళ్లో ఇద్దరికీ ఒకటే పేరు: గంజాయి బ్యాచ్.

రెండోవాడి కోసం ఆ చట్టంలోనే ఒక తలుపు ఉంది. మత్తుకు అలవాటు పడినవాడు చిన్న పరిమాణంతో పట్టుబడి, తనంత తానుగా చికిత్సకు ముందుకొచ్చి దాన్ని పూర్తి చేస్తే 64ఏ సెక్షన్ అతణ్ణి ప్రాసిక్యూషన్ నుంచి కాపాడుతుంది. మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోతుంది. ఒక మెలిక కూడా ఉంది. ఆ చికిత్స ప్రభుత్వమో స్థానిక సంస్థో నడిపే, లేదా గుర్తించిన ఆసుపత్రిలోనే జరగాలి. తల్లి పుస్తెలు తాకట్టు పెట్టి ఏ గుర్తింపూ లేని ప్రైవేటు కేంద్రంలో చేర్పిస్తే ఆ రక్షణ వర్తించదు. (అలాంటి కొన్నిచోట్ల వైద్యమంటే గదిలో గొలుసులతో కట్టి తాళం వేయడమే. మనిషిని గొలుసులతో కట్టడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించిందని ఎవరైనా వాళ్లకు చెప్పాలి.) అందుబాటులో సర్కారు వైద్యుడు లేని ఊళ్లో 64ఏ ఉన్నా లేనట్టే.

పోలీసుల పనిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. 2021లో ఆపరేషన్ పరివర్తన పేరుతో విశాఖ మన్యంలో వేల ఎకరాల గంజాయి తోటలు నరికారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర దాదాపు రెండు లక్షల కిలోల సరుకు తగలబెట్టారు. 2024 నవంబరులో మత్తు పదార్థాల అదుపుకు ఈగల్ విభాగం వచ్చింది, ఫిర్యాదులకు 1972 నంబరు వచ్చింది. తోట నరకాల్సిందే, లారీ ఆపాల్సిందే. కాకపోతే సరుకు ఆగినంత మాత్రాన అలవాటు ఆగదని తెలుసుకోవడానికి మనం ఏ పరాయి దేశమో పోనక్కర్లేదు, నంద్యాలలో గుంటూరు రైలెక్కితే చాలు. నల్లమల దాటాక ఆ లైనులోనే కురిచేడు స్టేషన్ వస్తుంది. 2020 జులై చివర, లాక్‌డౌన్‌తో మద్యం దుకాణాలు మూతపడిన ఆ ఊళ్లో శానిటైజర్ తాగి పది మందికి పైగా చనిపోయారు. అదే ఏడాది మార్చిలో కల్లు దుకాణాలు మూసేయగానే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి వణుకుతో, పిచ్చిచూపులతో జనం క్యూ కట్టారు. దుకాణం మూసే ఉత్తర్వు ఒక్క రోజులో వస్తుంది. అలవాటు పడ్డ నరాలకు ఆ ఉత్తర్వు చేరదు.

అలాగని దుకాణాలు మూయించడం తప్పని కాదు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా కొట్లు మూయించినప్పుడు న్యాయం వాళ్ల వైపే ఉంది. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ నిషేధం వచ్చాయి. రెండోది 1997లోనే సడలింది. ఆ ఏళ్లలో సరిహద్దుల మీద ఎన్ని చెక్‌పోస్టులు పెట్టామో, తాగుడు మాన్పించే వైద్యం మీద అందులో పదో వంతు ధ్యాస పెట్టామా? 2019లో కేంద్రం ప్రకటించిన ఎయిమ్స్ సర్వే మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోందని తేల్చింది.

చికిత్సతో పాటు వినిపించే మరో మాట హాని తగ్గించే విధానం. అది అనగానే మణిపూర్‌లో శుభ్రమైన సిరంజిలు పంచడం గుర్తొస్తుంది. ఆ పంపకం హెరాయిన్ సూదుల నుంచి పుట్టిన అవసరం. గంజాయికి బదులుగా ఇచ్చే మాత్ర ఏదీ లేదు. అక్కడ పనికొచ్చేది కౌన్సెలింగు, మతి చలించినవాడికి సకాలంలో మందులు, ఇంట్లోవాళ్లకు కాస్త ధైర్యం. ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రల కథ వేరు. 2018లో దాన్ని ఎన్‌డీపీఎస్ కిందకు తెచ్చారు. హెరాయిన్, ట్రమడాల్ జాతి మత్తుకు బుప్రినార్ఫిన్ వైద్యం ఉంది, పంజాబ్ ఓపీ క్లినిక్కుల్లోనే ఇస్తోంది. గంజాయినీ, ఈ మాత్రలనూ ఒకే ఉపన్యాసంతో మాన్పించలేం.

శిక్షలు ఎత్తేస్తే సరిపోతుందనేవాళ్లతోనూ నాకు పేచీ ఉంది. పోర్చుగల్ 2001లో సొంత వాడకాన్ని నేరాల జాబితా నుంచి తీసేసింది, కానీ పట్టుబడినవాణ్ణి వైద్యం వైపు మళ్లించే కమిషన్లను పక్కనే నిలబెట్టింది. అమెరికాలోని ఒరెగాన్ 2020లో ఓటేసి శిక్ష తీసేసింది, చికిత్స మాత్రం వేళకు అందలేదు. 2024లో దాన్ని మళ్లీ నేరంగా మార్చింది. వైద్యం లేకుండా కేసులు ఎత్తేస్తే ఒరెగాన్, వైద్యం లేకుండా కేసులు పెడితే మనం.

నంద్యాలకు 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. అక్కడి మానసిక వైద్యుడు వారానికొక రోజు ఆళ్లగడ్డ ప్రభుత్వాసుపత్రిలో కూర్చుంటే పొట్లం కుర్రాడికి వెళ్లే చోటు దొరుకుతుంది. వాణ్ణి అక్కడిదాకా నడిపించడం ఎలాగో ఈ సీమ పోలీసులకు ఒకరు నేర్పాలా? ఫ్యాక్షన్ రోజుల నుంచీ బైండోవర్లు చేసి, ఆదివారం ఆదివారం స్టేషన్‌కు పిలిపించి సంతకాలు పెట్టించుకున్నవాళ్లే. ఈసారి ఆ సంతకం ఆసుపత్రి రిజిస్టరులో పెట్టిస్తే సరి. అమ్మేవాడు కూడా రోగినంటాడు గదా అని ఎస్‌ఐ అడగొచ్చు. నిజమే, తన దమ్ముకు డబ్బు కోసం నలుగురికి అమ్మే కుర్రాడు ఎటు చెందుతాడో తేల్చడం తేలిక కాదు. అయినా బరువు, పాత కేసులు, చికిత్స పూర్తి చేశాడా లేదా అన్న లెక్కలు మూడూ చేతిలోనే ఉంటాయి.

మాదకద్రవ్యాల మీద జిల్లా కమిటీ కలెక్టర్ అధ్యక్షతన సమావేశమైనప్పుడు ఎన్ని కిలోలు పట్టారని ఎలాగూ అడుగుతారు. 64ఏ కింద ఎంతమందిని ఆసుపత్రికి పంపారని కూడా ఒక్కసారి అడగండి.