గర్భిణికి ఆ రెండు గంటలు దక్కాలి

రిజర్వేషన్ల మీద, వక్ఫ్ భూముల మీద, మైనారిటీ విద్యార్థుల ఉపకారవేతనాల మీద ఈ పుటలో మేము ఎన్నోసార్లు వ్రాశాము. ఇక ముందూ వ్రాస్తాము. కాని మన ఇళ్లలో దస్తర్‌ఖాన్ దగ్గరే తిష్ట వేసిన షుగరు వ్యాధిని హక్కుల సమస్యగా మేమెన్నడూ చూడలేదు. ఆ లోపం మాదే. 2023లో వెలువడిన ఐసీఎంఆర్–ఇండియాబ్ అధ్యయనం దేశంలో 10 కోట్ల మందికి మధుమేహం ఉన్నదనీ, మరో 13 కోట్ల మందికి పైగా దాని అంచున ఉన్నారనీ అంచనా వేసింది.

తల్లికో తండ్రికో షుగరు ఉండటం, నడుము చుట్టుకొలత స్త్రీలకు 80, పురుషులకు 90 సెంటీమీటర్లు దాటటం, ఒంటికి కదలిక లేకపోవటం ముప్పుకు గుర్తులు. నిజామాబాద్‌లో బీడీలు చుట్టే అక్కచెల్లెళ్లూ, పాతబస్తీలో జర్దోజీ పని చేసేవారూ రోజంతా కూర్చునే ఉంటారు. వారిది కష్టపడని జీవితమని ఎవరంటారు? అయినా ఆ కష్టం రక్తంలోని చక్కెరను కరిగించేది కాదు.

గర్భం దాల్చిన స్త్రీ సంగతి మరీ సున్నితం. మాయ నుంచి పుట్టే హార్మోన్లు ఇన్సులిన్ పనిని అడ్డుకుంటాయి. అందుకే అంతకుముందు ఏ షుగరూ లేని యువతికి సైతం ఆరో నెల నాటికి చక్కెర పెరగవచ్చు. చాలామందిలో బయటికి ఏ లక్షణమూ కనిపించదు. బిడ్డ అతిగా పెరిగి కాన్పు కష్టమవుతుంది, తల్లికి రక్తపోటు పెరగవచ్చు, పుట్టిన వెంటనే శిశువుకు చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. తల్లీబిడ్డలిద్దరికీ మున్ముందు మధుమేహం వచ్చే అవకాశమూ హెచ్చుతుంది.

దీన్ని కనిపెట్టే పరీక్ష చాలా సులువు. 75 గ్రాముల గ్లూకోజు నీటిలో కలిపి త్రాగించి, రెండు గంటల తరువాత రక్తం చూస్తారు. పరగడుపున రావలసిన పని లేదు. 140 మిల్లీగ్రాములు, ఆపైన ఉంటే గర్భకాల మధుమేహమే. గర్భిణి తొలిసారి వచ్చినప్పుడు ఒకసారి, 24–28 వారాల మధ్య మరొకసారి ఈ పరీక్ష జరగాలని కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలే చెబుతున్నాయి. ఇది ఎవరి దయా కాదు.

చిక్కల్లా ఆ రెండు గంటలతోనే. వంట ఎవరు చేస్తారు, పెద్ద పిల్లను బడి నుంచి ఎవరు తెస్తారు, వెంట ఎవరు కూర్చుంటారు అన్న ప్రశ్నల మధ్య కోడలు గ్లూకోజు త్రాగి, రక్తం ఇవ్వకుండానే ఇంటికి మళ్లుతుంది. పేరు బయటికి వస్తే నలుగురూ ఏమంటారోనన్న జంకు మరొకటి. పైగా సరిగ్గా చక్కెర పెరిగే ఏడవ నెలలోనే సత్వాసా వేడుక చేసి, ఇద్దరి తిండి తినాలంటూ మిఠాయిలు కుక్కుతాము! వేడుక వద్దని మేమనము. పరీక్ష అంతకు ముందే జరగాలంటున్నాము.

చక్కెర ఎక్కువని తేలినా చాలామందికి ఆహార నియమంతో, నడకతో అదుపులోకి వస్తుంది. అన్నం తగ్గించి, పప్పు, గుడ్లు, ఆకుకూరలు పెంచి, కొద్దికొద్దిగా ఎక్కువసార్లు తినాలి. డాబా మీద నడిచినా నడకే. రెండు వారాల్లో అదుపు కాకుంటే వైద్యులు మాత్రలో ఇన్సులినో ఇస్తారు. ఇన్సులిన్ బిడ్డకు హాని చేయదు. సాధారణంగా కాన్పుతో అది ఆగిపోతుంది కూడా. ఒకసారి మొదలుపెడితే జీవితాంతం తప్పదన్న భయం ఇక్కడ వర్తించదు.

రంజాన్ మాట కూడా చెప్పుకోవాలి. రోగులకు రోజా నుంచి సడలింపును దివ్య ఖుర్ఆన్ అల్ బఖరా సూరాలోనే ఇచ్చింది. గర్భిణులకూ, పాలిచ్చే తల్లులకూ సడలింపు ఉన్నట్లు హదీసు ఉన్నది. అల్లాహ్ ఇచ్చిన వెసులుబాటును అత్తవారిల్లు లాక్కోవటం ఏ భక్తి? ఖజా, ఫిద్యాల వివరం ఉలమాలను అడగండి. ఉపవాసం ఉండవచ్చునా అన్నది మాత్రం ముందుగా వైద్యులను అడగండి. జుమా ప్రసంగంలో ఇమాములు ఈ ఒక్క మాట చెబితే ఎన్నో ఇళ్లకు ధైర్యం వస్తుంది.

ప్రభుత్వాలను మేము అడిగేదీ ఉన్నది. తెలంగాణలోనూ, ఆంధ్రప్రదేశ్‌లోనూ ఉర్దూ రెండవ అధికార భాష. అలాంటప్పుడు ఉర్దూ మాత్రమే చదవగల తల్లి చేతికిచ్చే ఆహార పట్టిక ఉర్దూలో ఉండాలి. గ్లూకోజు త్రాగిన గర్భిణి రెండు గంటలు కూర్చునేందుకు నీడా, కుర్చీ, మరుగుదొడ్డీ ఉండాలి. ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ క్రింద ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణులకు పరీక్షలు జరుగుతాయి. ఆ రోజున మొహల్లా కార్యకర్తలు వారికి తోడుగా వెళ్లి, ఈ పరీక్ష చేస్తున్నారా లేదా అని కనుక్కోవాలి.

కాన్పయ్యాక ఆరు వారాలకు మళ్లీ ఈ గ్లూకోజు పరీక్ష చేయించాలి. ఎక్కువమంది మరచిపోయేది దీన్నే. లెక్క చూస్తే అది చిల్లా స్నానం ముగిసిన రోజుల్లోనే వస్తుంది. నలభై రోజుల తరువాత బాలింత తొలిసారి గడప దాటేది ఆ పరీక్ష కోసమే కావాలని, బిడ్డను ఆ పూట నానమ్మో అమ్మమ్మో ఎత్తుకోవాలని మా విన్నపం.